ప్రశ్నలు – జవాబులు: న్యూట్రల్‌ను నేలకు ఎలా కట్టాలి, ఎంత గట్టిగా కట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ న్యూట్రల్ (మూడు ఫేజులూ కలిసే చోటు, అక్కడికి కరెంటు తిరిగి వెళ్లే తీగ) చుట్టూనే తిరిగాయి. మన విశాఖ అపార్ట్‌మెంటు మీటరు బోర్డు దగ్గర మొదలై పరవాడ ఫ్యాక్టరీలు, షిప్‌యార్డు దాకా వెళ్లాయి. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: గాలివాన కొట్టిన రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఫ్లాట్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయి. అదే టైముకి కింది ఫ్లాట్లలో లైట్లు ఎర్రగా మిణుకుమన్నాయి. న్యూట్రల్ పోయిందన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌కి ఎర్త్ ఉంది, మా దగ్గర కూడా ఎర్త్ పిట్ ఉంది. న్యూట్రల్ తీగ తెగినా కరెంటు భూమిలోంచి తిరిగి వెళ్లాలి కదండీ? (మధురవాడ)

జవాబు: మీ ఎర్త్ పిట్ మిషన్ల బాడీల కోసం వేసింది. దానికీ న్యూట్రల్‌కీ మీ బిల్డింగులో లింకు ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి న్యూట్రల్ తెగితే భూమి గుండా దారే లేదు.

సరే, లింకు ఉందనే అనుకుందాం. 3 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపును 100 ఓమ్-మీటర్ల రెసిస్టివిటీ ఉన్న నేలలో దింపితే దాని ఎర్త్ రెసిస్టెన్స్ సుమారు 30 ఓమ్‌లు వస్తుంది. ఎర్రమట్టి కింద రాయి తగిలే మీవైపు రెసిస్టివిటీ 300 ఉందనుకుంటే అదే పైపు 90 ఓమ్‌లు చూపిస్తుంది. మంచి నేల లెక్కే తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఇంకో 5 ఓమ్‌లు కలుపుదాం. 230 వోల్టులను 35తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే ఎనిమిది ఆంపియర్ల పైన లాగుతుంది. బిల్డింగు మొత్తం లోడును ఆ దారిలో పంపడం అయ్యే పని కాదు.

మరి వస్తువులు కాలిపోవడం ఎందుకంటే, న్యూట్రల్ లేనప్పుడు రెండు ఫేజుల మీదున్న ఫ్లాట్లు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి 415 వోల్టులను పంచుకుంటాయి. ఒక ఫేజు మీద 2 కిలోవాట్లు, ఇంకో ఫేజు మీద 500 వాట్లు, మూడో ఫేజు ఖాళీ అనుకోండి. 240 వోల్టుల లెక్కన మొదటిది 28.8 ఓమ్‌లు, రెండోది 115.2 ఓమ్‌లు. రెండూ కలిపి 144. పారే కరెంటు 2.88 ఆంపియర్లు. ఎక్కువ లోడున్న ఫ్లాటుకి 83 వోల్టులే అందుతాయి. తక్కువ లోడున్న ఫ్లాటు నెత్తిన 332 వోల్టులు పడతాయి. పొదుపుగా వాడుకునే వాళ్ల టీవీయే పోతుంది, గీజరు వేసుకున్న వాళ్లకి లైట్లు ఎర్రబడి ఊరుకుంటాయి.

ఇలాంటి అనుమానం రాగానే మెయిన్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు బోర్డు ఇన్‌కమింగ్ దగ్గర కొలిపించండి. ఫేజుకీ ఫేజుకీ మధ్య మూడు జతల్లోనూ 415 సరిగ్గా ఉండి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒకచోట 300, ఇంకోచోట 120 చూపిస్తుంటే తప్పు న్యూట్రల్‌దే. ఎక్కడ తెగిందో వెతకాల్సిన చోట్లు నాలుగే: ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (415 వోల్టుల వైపు) న్యూట్రల్ స్టడ్, పోల్ మీది జంపరు, కటౌట్‌లోని న్యూట్రల్ లింకు, మీటరు బోర్డులో న్యూట్రల్ బార్ స్క్రూ. మన ఊళ్లో మొదటిదాని మీదే ఎక్కువ అనుమానపడాలి. రాగి లేదా ఇత్తడి స్టడ్‌కి మామూలు అల్యూమినియం లగ్ బిగిస్తే ఉప్పుగాలి తడికి ఆ రెండు లోహాల మధ్య తెల్లటి పొడి పేరుకుంటుంది. జాయింటు వేడెక్కుతుంది, స్ప్రింగ్ వాషరు పట్టు వదులుతుంది, ఓ గాలివానకి ఊడుతుంది. అక్కడ బైమెటల్ లగ్ (ఒక వైపు రాగి, ఇంకో వైపు అల్యూమినియం) వాడాలి.

ఊడక ముందే పట్టుకునే ఉపాయం ఉంది. సాయంత్రం లోడు మీద ఉన్నప్పుడు, మీ ప్యానెల్లో జాయింటుకి అటూ ఇటూ మల్టీమీటరు పెట్టి మిల్లీవోల్టులు చూడమనండి. న్యూట్రల్‌లో 40 ఆంపియర్లు పోతుంటే మంచి జాయింటు దగ్గర కొన్ని మిల్లీవోల్టులే ఉంటాయి. అర వోల్టు చూపిస్తే ఆ జాయింటు మీద 20 వాట్ల వేడి కూర్చుందన్న మాట. మర్నాటికి వాయిదా వెయ్యకుండా షట్‌డౌన్ తీసుకుని శుభ్రం చేయించాలి. స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద మాత్రం డిస్కం సిబ్బందే చెయ్యాలి. న్యూట్రల్‌లో ఫ్యూజు ఎక్కడా పెట్టకూడదు. ఫ్లాటుకొక ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ కట్ పెట్టించుకుంటే, న్యూట్రల్ పోయినా నష్టం ఆ డబ్బాతో ఆగుతుంది.

ప్రశ్న: అయితే మీటరు దగ్గర న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తే ఏ బాధా ఉండదని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. నిజమేనా? (గోపాలపట్నం)

జవాబు: వద్దు. కలిపాక న్యూట్రల్ బయట తెగితే, లోడు గుండా వచ్చే వోల్టేజీ అంతా ఫ్రిజ్ బాడీ, గీజరు బాడీ, మోటారు పైపు మీదికి ఎక్కుతుంది. టీవీ పోవడం కంటే అది వెయ్యిరెట్లు చెడ్డది. లింకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే బ్రేకరు) తరవాత ఎక్కడైనా ఉంటే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ తీగలోంచి పోయి అది ఊరికే ట్రిప్ అవుతుంటుంది. విసుగెత్తి దాన్ని బైపాస్ చేస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. న్యూట్రల్‌కి ఎర్త్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. మీ ఇంట్లో బాడీలకు ఎర్త్, దాని మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్త్ పిట్ 10 ఓమ్‌లే ఉన్నా, ఫాల్టులో పారే 20 ఆంపియర్ల చిల్లరకి 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. ఆర్‌సీసీబీ కదులుతుంది.

ప్రశ్న: హుద్‌హుద్ నుంచి చూస్తున్నాం. 11 కేవీ తీగ తెగి నేల మీద పడినా ఒక్కోసారి కరెంటు పోదు. సబ్‌స్టేషన్‌లో న్యూట్రల్ నేరుగా ఎర్త్ చేసి ఉంటుందంటారు. మరి బ్రేకరు ఎందుకు పడదు? (పెందుర్తి)

జవాబు: న్యూట్రల్‌ని నేరుగా ఎర్త్ చేయడం వల్ల వచ్చే లాభం, ఫాల్టు కరెంటుకి తిరుగుదారిలో అడ్డు తక్కువ ఉండటం. కానీ ఆ దారి మొదట్లో, అంటే తీగ నేలను తాకిన చోట, అడ్డు ఎంతుందో న్యూట్రల్‌కి సంబంధం లేదు. ఫేజుకీ నేలకీ మధ్య 6,350 వోల్టులు. పొడి ఇసుక, తారు రోడ్డు, కంకర మీద పడిన తీగ దగ్గర 500 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే పారేది 12.7 ఆంపియర్లు. ఫీడరు సీటీ (కరెంటుని కొలిచి రిలేకి అందించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) 400 ఆంపియర్లది, ఎర్త్ ఫాల్ట్ రిలే (నేలలోకి పోయే కరెంటుని పసిగట్టి బ్రేకరుని కొట్టేది) 10 శాతం మీద పెట్టారంటే అది కదిలేది 40 దగ్గర. రిలే దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. తడి నేలలో, పొలంలో పడితే అదే రిలే క్షణంలో కొట్టేస్తుంది.

అందుకే పడి ఉన్న తీగ చప్పుడు చెయ్యకపోయినా, నిప్పురవ్వలు రాకపోయినా అందులో కరెంటు ఉందనే లెక్క. కనీసం పది మీటర్ల దూరం. ఇప్పటికే దగ్గరగా ఉంటే పెద్ద అంగలు వెయ్యకుండా, రెండు పాదాలూ నేలకు ఆనించి చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రావాలి. రెండు పాదాల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటి మధ్య వోల్టేజీ పెరుగుతుంది.

ప్రశ్న: మా ప్లాంటుకి 33/6.6 కేవీ, 10 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వస్తోంది. 6.6 కేవీ న్యూట్రల్‌ని నేరుగా ఎర్త్ చెయ్యాలా, రెసిస్టరు పెట్టాలా, అసలు వదిలెయ్యాలా అని చర్చ నడుస్తోంది. రెసిస్టరైతే ఎంత? (పరవాడ)

జవాబు: 6.6 కేవీలో పెద్ద మోటార్లున్న ప్లాంటుకి మా ఓటు తక్కువ విలువ రెసిస్టరుకే. మూడింటినీ మీ ట్రాన్స్‌ఫార్మర్ అంకెలతోనే చూద్దాం.

నేరుగా ఎర్త్ చేస్తే: ఫుల్ లోడు కరెంటు 875 ఆంపియర్లు. ఇంపిడెన్స్ 8 శాతమనుకుంటే ఫాల్టు కరెంటు 11 వేల ఆంపియర్ల చుట్టూ తిరుగుతుంది. డెల్టా-స్టార్ (ఒక వైపు న్యూట్రల్ లేని త్రికోణం, ఇంకో వైపు న్యూట్రల్ ఉన్న స్టార్) ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎర్త్ ఫాల్టుకీ దాదాపు అంతే. మోటారు స్లాటులో ఇన్సులేషన్ చెడి ఆ కరెంటు కోరులోకి దూకితే, బ్రేకరు తెరుచుకునే లోపే స్టాంపింగులు (కోరులోని పల్చటి ఇనుప రేకులు) కరిగి ముద్దైపోతాయి. కాయిల్ మారిస్తే సరిపోయేది కాస్తా కోరు మార్చే దాకా వెళ్తుంది. ఎల్‌టీలో నేరుగా ఎర్త్ చెయ్యక తప్పదు, ఎందుకంటే అక్కడ ఫేజు-న్యూట్రల్ లోడు ఉంది. 6.6 కేవీలో అలాంటి లోడు లేదు.

వదిలేస్తే: మొదటి ఫాల్టుకి ప్లాంటు ఆగదు, అది నిజమే. కానీ న్యూట్రల్ ఎర్త్ లేదంటే సిస్టమ్ ఎర్త్ కాలేదని కాదు, కేబుళ్ల కెపాసిటెన్స్ ద్వారా అయ్యే ఉంటుంది. 6.6 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ (ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్‌కి కిలోమీటరుకి ఫేజుకి 0.4 మైక్రోఫారడ్ అనుకుంటే ఎర్త్ ఫాల్టులో కిలోమీటరుకి 1.4 ఆంపియర్లు. ప్లాంటంతా కలిపి 10 కిలోమీటర్ల కేబుల్ ఉంటే 14 ఆంపియర్లు. ఆ ఆర్క్ తనంతట తాను ఆరదు. ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వెలిగిన ప్రతిసారీ మంచి ఫేజుల మీద వోల్టేజీ మెట్టు మెట్టుగా పెరుగుతుంది, మామూలు కంటే మూడు రెట్ల పైకి పోగలదు. ఒక మోటారులో ఫాల్టు ఉంటే ఎక్కడో ఉన్న ఇంకో మోటారు ఇన్సులేషన్ పగిలేది ఇలాగే.

ఇక రెసిస్టరు. ఎక్కువ విలువ పెట్టి కరెంటుని పదికి లోపు తేవచ్చా అంటే, రెసిస్టరు కరెంటు కేబుల్ చార్జింగ్ కరెంటు (కెపాసిటెన్స్ వల్ల పారేది) కంటే తగ్గకూడదు. తగ్గితే పై చెప్పిన వోల్టేజీని అది అణచలేదు. మీ 14 ఆంపియర్లు ఆ పదిని ఎప్పుడో దాటేశాయి. కాబట్టి 100 నుంచి 400 ఆంపియర్ల మధ్యకి రండి. 300 అనుకుందాం. 6,600ని 1.732తో భాగిస్తే 3,810 వోల్టులు, దాన్ని 300తో భాగిస్తే 12.7 ఓమ్‌లు. ఫాల్టు ఉన్నంతసేపు అది 1,143 కిలోవాట్లు తాగుతుంది. 10 సెకన్ల రేటింగు అంటే 11.4 మెగాజూల్స్. ఉష్ణోగ్రత 760 డిగ్రీల దాకా పెరగడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంటే పదకొండో సెకను మీది కాదు.

అందుకే రిలేలను దానికి తగ్గట్టు మెట్లుగా కట్టాలి. మోటారు ఫీడర్లు 0.1 సెకనులో, ఇన్‌కమరు (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్‌కి వచ్చే మెయిన్ బ్రేకరు) 0.5లో, న్యూట్రల్ సీటీ మీద స్టాండ్‌బై ఎర్త్ ఫాల్టు ఒకటి, ఒకటిన్నర సెకన్లలో. ఈ చివరిది 33 కేవీ బ్రేకరునే కొట్టాలి. 6.6 ఇన్‌కమరు మాత్రమే కొడితే ట్రాన్స్‌ఫార్మరుకీ ఇన్‌కమరుకీ మధ్య ఫాల్టుకి రెసిస్టరు కాలుతూనే ఉంటుంది. ఫీడరు పికప్ (రిలే కదిలే కరెంటు) 15 ఆంపియర్లు పెట్టారనుకోండి, అది 300లో 5 శాతం. వైండింగులో స్టార్ పాయింటు (మూడు ఫేజుల వైండింగులూ కలిసే చోటు) వైపుకి వెళ్లేకొద్దీ ఫాల్టుని నెట్టే వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి, ఆ చివరి 5 శాతం తప్ప మిగతా వైండింగంతా మీ రక్షణలో ఉంటుంది.

కొనేటప్పుడు కొట్టుకునేది కేబుల్ దగ్గర. ఎర్త్ ఫాల్టులో మంచి ఫేజులు నేలకు 3.8 కాకుండా పూర్తి 6.6 కేవీకి లేస్తాయి. మార్కెట్లో రెండు రకాలున్నాయి: 3.8/6.6 కేవీ ఎర్త్‌డ్ గ్రేడ్, 6.6/6.6 కేవీ అన్‌ఎర్త్‌డ్ గ్రేడ్. ఫాల్టు సెకన్లలో తొలిగిపోతుంది కాబట్టి మొదటిది పుస్తకం ప్రకారం చాలు. అయినా సముద్రపు తేమలో, ఒక రిలే పనిచెయ్యని రోజుని కూడా లెక్కేసుకుంటే రెండోదే మేలనిపిస్తుంది. సర్జ్ అరెస్టర్లు (పిడుగులాంటి ఎక్కువ వోల్టేజీని నేలకు దించేవి) మాత్రం లైన్ వోల్టేజీకి తట్టుకునేవే ఉండాలి. ఇందులో బేరం లేదు.

రెసిస్టరు పెట్టాక దాన్ని మర్చిపోవడం మన దగ్గర రివాజు. యార్డులో మూల డబ్బాలో ఉంటుంది, మామూలు రోజుల్లో దానిలో కరెంటుండదు, వేడుండదు, చప్పుడుండదు. లోపల ఒక గ్రిడ్ జాయింటు తుప్పు పట్టి విడిపోయినా మీటర్లన్నీ బాగానే చూపిస్తాయి. ఆ రోజు నుంచి మీది వదిలేసిన న్యూట్రలే, మీకు తెలీదంతే. షట్‌డౌన్‌లో డబ్బా పక్కనున్న ఐసొలేటరు తెరిచి మళ్లీ వెయ్యకపోయినా అంతే. అందుకని ఏటా వానాకాలం ముందు షట్‌డౌన్ తీసుకుని, ఎర్త్ లింకు విప్పి రెసిస్టెన్స్ కొలవాలి. 12.7కి 10 శాతం అటూ ఇటూ ఉండాలి. ఇన్సులేటర్ల మీది ఉప్పు పొరని మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలవాలి. స్పేస్ హీటరు వెలుగుతోందో లేదో చూడాలి. ఐసొలేటరుకి బ్రేకరుతో తాళం చెవి ఇంటర్‌లాక్ పెట్టించండి, అది మూసి ఉంటే తప్ప ఇన్‌కమరు మూసుకోకూడదు.

ప్రశ్న: ఎన్‌జీఆర్ (న్యూట్రల్ గ్రౌండింగ్ రెసిస్టరు) ఉన్న 6.6 కేవీ సిస్టమ్ మాది. ఒక మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఎర్త్ ఫాల్టు మీద పడిపోతోంది. మెగ్గర్ వెయ్యి మెగా ఓమ్‌ల పైనే ఉంది. ఇంకో ఫీడరుది దీనికి తిరగేసి కథ, నిజంగా కేబుల్ ఫాల్టు వస్తే దాని రిలే కదల్లేదు, ఇన్‌కమరు పడింది. (అచ్యుతాపురం)

జవాబు: మొదటి ఫీడరులో ఎర్త్ ఫాల్టు రిలేకి మూడు ఫేజుల సీటీలను కలిపి ఇచ్చారేమో చూడండి. స్టార్టింగులో ఆరు రెట్ల కరెంటు వస్తే మూడు సీటీలూ ఒకేలా సాచురేట్ కావు. మిగిలిన తేడానే రిలే ఎర్త్ ఫాల్టు అనుకుంటుంది. తాత్కాలికంగా స్టెబిలైజింగ్ రెసిస్టరు సాయం చేస్తుంది. సరైన మందు, కేబుల్‌లోని మూడు కోర్లూ (ఫేజు తీగలు) ఒకే రంధ్రంలోంచి వెళ్లే కోర్ బ్యాలెన్స్ సీటీ.

రెండో ఫీడరులో ఆ సీటీ ఉండే ఉంటుంది, కానీ స్క్రీన్ ఎర్త్ తీగ తప్పుదారిలో ఉంటుంది. కేబుల్ మొత్తం ఆర్మరు (పై లోహపు కవచం), కాపర్ స్క్రీన్ (కోర్ల చుట్టూ ఉండే రాగి పొర)తో సహా సీటీలోంచి పైకి వెళ్లి, పైన టెర్మినేషన్ దగ్గర స్క్రీన్‌ని ఎర్త్ చేశారనుకోండి. కేబుల్ ఫాల్టులో కోరులోంచి అటు వెళ్లిన కరెంటులో చాలా భాగం అదే కేబుల్ స్క్రీన్‌లోంచి ఇటు వస్తుంది. సీటీకి రెండూ కలిపి సున్నా. అక్కడ స్క్రీన్ నుంచి వచ్చే ఎర్త్ తీగను ఇన్సులేషన్ తొడిగి, మళ్లీ సీటీ రంధ్రంలోంచి వెనక్కి తెచ్చి, అప్పుడు ఎర్త్ బార్‌కి బిగించాలి. స్క్రీన్‌నీ ఆర్మరునీ సీటీకి ముందే కోసి ఎర్త్ చేసి, కోర్లు మాత్రమే సీటీలోంచి పోతుంటే ఆ తీగని సీటీ దగ్గరికి తేకూడదు. సీటీ గ్లాండ్ ప్లేటుకి (కేబుల్ ప్యానెల్లోకి దూరే ప్లేటు) పైన ఉందా, కింద ఉందా అన్నది చూసి నిర్ణయించుకోవాలి. ప్యానెల్ వాళ్లొకరు, కేబుల్ జాయింటరొకరు కావడంతో ఈ తీగ ఎవరి పనీ కాకుండా పోతుంది. సరిచేశాక సీటీలోంచి ఒక తీగ పోనిచ్చి 15, 20 ఆంపియర్లు ఎక్కించి రిలే పడుతుందో లేదో చూడండి.

ప్రశ్న: ఐటీ బిల్డింగులో రెండు డీజీ (డీజిల్ జనరేటరు) సెట్లు పారలల్‌లో నడుపుతాం. లోడు లేకపోయినా రెండింటి న్యూట్రల్ లింకులోనూ టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పదుల ఆంపియర్లు చూపిస్తోంది. ఆల్టర్నేటరు చెడిపోయిందా? (రుషికొండ)

జవాబు: చెడిపోయి ఉండదు. టాంగ్ టెస్టరులో ఫ్రీక్వెన్సీ చూసే సదుపాయం ఉంటే చూడండి, 50 హెర్ట్జ్ బదులు 150 కనిపిస్తుంది. రెండు మిషన్ల వైండింగ్ పిచ్ (కాయిల్ వెడల్పు) వేరువేరైతే ఒకదాని థర్డ్ హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) వోల్టేజీ ఇంకోదానితో సరిపోలదు. ఆ తేడా రెండు న్యూట్రల్‌ల గుండా కరెంటుని తిప్పుతుంది. రెండూ మూడింట రెండు పిచ్ మిషన్లయితే ఈ గొడవ దాదాపు ఉండదు. కొనేటప్పుడే అడగాల్సిన మాట ఇది.

ఇప్పుడు చెయ్యగలిగింది, ప్రతి డీజీ న్యూట్రల్‌కీ కాంటాక్టరు పెట్టి, పారలల్‌లో ఉన్నప్పుడు ఒక్కదాన్నే మూసి ఉంచడం. ఇక్కడ లాజిక్ జాగ్రత్తగా రాయాలి. న్యూట్రల్ మూసి ఉన్న డీజీ ట్రిప్ అయితే రెండోదాని కాంటాక్టరు వెంటనే మూసుకోవాలి. మూసుకోకపోతే మీ కంప్యూటర్లకి మధురవాడ టీవీల గతే. ఒక్క న్యూట్రలే మొత్తం న్యూట్రల్ కరెంటుని మొయ్యాలి కాబట్టి సైజు కూడా సరిచూడండి. డిస్కం సప్లైకీ డీజీకీ మధ్య చేంజోవరు నాలుగు పోళ్లది (న్యూట్రల్‌ని కూడా మార్చేది) ఉండాలి.

ప్రశ్న: షిప్‌యార్డులో ట్రెయినీని. ఓడలో 440 వోల్టుల సిస్టమ్‌కి న్యూట్రల్ ఎర్తే లేదు. బయట తప్పన్నది ఇక్కడ ఒప్పెలా అయింది? (గాంధీగ్రామ్)

జవాబు: నడిసముద్రంలో ఒక తీగ హల్‌కి (ఓడ ఇనుప బాడీకి) తగిలిందని స్టీరింగ్ గేర్ మోటారు ఆగిపోకూడదు. కేబుళ్లు పొట్టివి, వోల్టేజీ తక్కువ, కాబట్టి చార్జింగ్ కరెంటు కూడా తక్కువే. చూసుకోవడానికి ఇంజనీరు ఎప్పుడూ ఓడలోనే ఉంటాడు. ఈ మూడూ కలిసినచోటే వదిలేసిన న్యూట్రల్ పనికొస్తుంది. ఆపరేషన్ థియేటర్లలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఇన్సులేషన్ 50 కిలో ఓమ్‌ల కిందికి దిగితే అలారం మోగించేదీ ఈ ఆలోచనతోనే.

మెయిన్ స్విచ్‌బోర్డు మీద మూడు ఎర్త్ ల్యాంపులు చూసే ఉంటారు. మూడింటినీ స్టార్‌లో కలిపి మధ్య పాయింటుని హల్‌కి ఇస్తారు. మామూలప్పుడు ఒక్కోదానికి 254 వోల్టులు, మూడూ ఒకే వెలుగు. ఆర్ ఫేజు హల్‌కి తగిలితే ఆ ల్యాంపు ఆరిపోతుంది, మిగతా రెండూ 440కి లేచి ధగధగలాడతాయి. సగం మసకబారితే ఇన్సులేషన్ దిగజారుతోందన్నమాట. వెంటనే ఫీడర్లని ఒక్కొక్కటిగా తెరుస్తూ ఏది తెరిస్తే ల్యాంపులు సమం అవుతాయో చూడాలి. గ్యాలీ హీటర్లు, డెక్ లైట్లు ముందు, ఎందుకంటే తడి వాటికే ఎక్కువ. ఈలోగా ఇంకో ఫేజులో రెండో ఫాల్టు వస్తే అది హల్ గుండా ఫేజు-ఫేజు షార్టే. 6.6 కేవీ ఉన్న పెద్ద ఓడల్లో మాత్రం న్యూట్రల్ రెసిస్టరు పెడతారు.

జెట్టీ సప్లై ఇచ్చేటప్పుడు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే ఇవ్వాలి, లేకపోతే ఒడ్డు మీది ఎర్త్ అయిన న్యూట్రల్ ఓడలోకి వచ్చేస్తుంది. ఇంకో చిక్కు: ఓడది 60 హెర్ట్జ్. 440 వోల్టుల, 60 హెర్ట్జ్ మోటారుకి 50 హెర్ట్జ్ మీద 367 వోల్టులే సరిపోతాయి. 415 ఇస్తే కోరు 13 శాతం ఎక్కువ ఫ్లక్స్‌తో వేడెక్కుతుంది. ఎక్కువసేపు నడపాలంటే ఫ్రీక్వెన్సీ కన్వర్టరు కావాలి.

ప్రశ్న: బీచ్ దగ్గర మా రిసార్టు ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ పట్టీ రెండు మూడేళ్లకే నేల మట్టానికి తెగిపోతోంది. ప్రతిసారీ కొత్త జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ, ఉప్పు, బొగ్గు వేయిస్తున్నాం. (భీమిలి)

జవాబు: ఉప్పు మానెయ్యండి. రెసిస్టివిటీ తగ్గించడానికి ఉప్పు వేస్తారు. మీ ఇసుకలో సముద్రం ఆ పని చేసే పెట్టింది. 10 ఓమ్-మీటర్ల నేలలో 3 మీటర్ల పైపు ఒక్కటే 3 ఓమ్‌లు ఇస్తుంది. మీ సమస్య తుప్పే. బొగ్గు, ఉప్పు బదులు బెంటొనైట్ మట్టి వెయ్యండి. పట్టీ 50×6 మిల్లీమీటర్లకి పెంచి, నేల మట్టానికి పైన ఒక అడుగు, కింద ఒక అడుగు బిటుమెన్ టేపు చుట్టించండి. గాలీ తడీ కలిసే ఆ గీత దగ్గరే జీఐ తినేస్తుంది. రాగికి మారాలనుకుంటే 250 మైక్రాన్ల రాగి పూత రాడ్లతో మొత్తం మార్చండి. పాత జీఐ పక్కనే కొత్త రాగి పాతి రెండూ కలిపితే జీఐ ఇంకా తొందరగా పోతుంది.

న్యూట్రల్‌కి రెండు వేరువేరు ఎర్త్‌లు ఉండాలన్నది చట్టం. 3 మీటర్ల పైపులైతే వాటి మధ్య కనీసం 6 మీటర్లు. ఒకే పిట్‌కి రెండు పట్టీలు తేవడం కుదరదు. లైట్నింగ్ అరెస్టరుకి విడిగా ఇంకో పిట్. కొలిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ లైన్‌లో ఉండగా రెండు న్యూట్రల్ లింకులూ ఒకేసారి విప్పొద్దు.

ప్రశ్న: పీటర్సన్ కాయిల్ గురించి సిలబస్‌లో ఉంది, కానీ మన సబ్‌స్టేషన్లలో కనిపించదు. ఎందుకు? (పెదవాల్తేరు, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: జర్మనీలో వాల్డెమార్ పీటర్సన్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో దీన్ని రూపొందించాడు. లైన్ల కెపాసిటివ్ కరెంటుని, న్యూట్రల్‌లో పెట్టిన కాయిల్ ఇండక్టివ్ కరెంటుతో కొట్టేసి, ఫాల్టు దగ్గర ఆర్క్ ఆరిపోయేలా చెయ్యడం దీని కిటుకు. ఫేజుకి 0.5 మైక్రోఫారడ్ ఉన్న 33 కేవీ నెట్‌వర్క్ తీసుకుంటే ఫాల్టు కరెంటు 9 ఆంపియర్లు, దానికి సరిపోయే కాయిల్ 6.75 హెన్రీలు. పరీక్షలో లెక్క వేసి చూసుకోవచ్చు. జర్మనీ, ఆస్ట్రియా, ఉత్తర ఐరోపా దేశాల్లో ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు.

మన 11, 33 కేవీ నేరుగా ఎర్త్ చేసిన న్యూట్రల్ మీద పెరిగింది. 11 కేవీ లైను మీద 9 కేవీ అరెస్టరు పెట్టగలుగుతున్నామంటే ఆ ధైర్యం అక్కడిదే. కాయిల్ పెడితే మంచి ఫేజులు నేలకు 11 కేవీకి లేస్తాయి, ఆ అరెస్టర్లన్నీ మార్చాలి. ఫీడరు ఒకటి తీసినా, కలిపినా కాయిల్ ట్యూనింగ్ మారాలి. హుద్‌హుద్ తరవాత విశాఖలో లైన్లని భూగర్భ కేబుళ్లుగా మార్చిన చోట్ల కెపాసిటెన్స్ బాగా పెరిగింది. అలాంటి నెట్‌వర్క్‌కి కాయిలూ అంత పెద్దదే కావాలి. పైగా కేబుల్ ఫాల్టు గాలిలో ఆర్క్‌లా తనంతట మానదు.

ప్రశ్న: సింహాద్రిలాంటి ప్లాంటులో జనరేటర్ న్యూట్రల్‌కి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని సెకండరీలో అర ఓమ్ రెసిస్టరు పెడతారట. అంత చిన్న రెసిస్టరు ఏం ఆపుతుంది? (కూర్మన్నపాలెం)

జవాబు: 500 మెగావాట్ల జనరేటరు సాధారణంగా 21 కేవీది, ఫేజుకి 12,124 వోల్టులు. స్టేటర్ కోరు పాడవకూడదంటే ఎర్త్ ఫాల్టు కరెంటు 10 ఆంపియర్లు దాటకూడదు, అంటే 1,212 ఓమ్‌లు కావాలి. అంత వోల్టేజీలో అంత ఓమ్‌ల రెసిస్టరు సన్నటి తీగతో, పెళుసుగా తయారవుతుంది. దాని బదులు సెకండరీ 240 వోల్టులున్న సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నిష్పత్తి 50.5. దాని వర్గంతో 1,212ని భాగిస్తే 0.475 ఓమ్. మందపాటి గ్రిడ్‌తో గట్టి రెసిస్టరు వస్తుంది, దాని మీది వోల్టేజీనే రిలేకి నేరుగా ఇవ్వొచ్చు. అదే యూనిట్‌లో జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ 400 కేవీ న్యూట్రల్ మాత్రం నేరుగా ఎర్త్‌కి పోతుంది. అక్కడ ఇన్సులేషన్ ఖర్చే అసలు లెక్క, మధ్యలో డెల్టా వైండింగు ఉండటం వల్ల ఒక వైపు ఎర్త్ ఫాల్టు కరెంటు ఇంకో వైపుకి దాటదు.